అనుకోకుండా ఇష్టపడిన సబ్జెక్టు, కోరి ఎంచుకున్న బడి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారు, చదువు ముగించి హైదరాబాద్‌లో కోచింగుల చుట్టూ తిరుగుతున్నవారు, ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ "నాకు పిల్లలకు చెప్పాలని ఉంది సార్" అని కాస్త మొహమాటంగా మొదలుపెట్టేవారు కొన్నేళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నింటికి జవాబు నిబంధనల్లో దొరుకుతుంది. మిగిలినవాటికి నా అనుభవమే ఆధారం కాబట్టి వాటిని ఒక మనిషి మాటగానే తీసుకోవాలని మనవి.

ఇష్టం లేకుండా చేరిన సబ్జెక్టు మీద తర్వాత ఇష్టం పుట్టడం నిజంగా జరుగుతుందా?

నాకు జరిగింది. ఇంజనీరింగ్‌లో మంచి ర్యాంకు రాక, వచ్చిన ర్యాంకుకు ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేక, ఎంపీసీతో డిగ్రీలో చేరాను. లెక్కలు పరవాలేదనిపించేవి, ఫిజిక్స్ భయపెట్టేది, కెమిస్ట్రీ అయితే ఒట్టి విసుగు. సమీకరణాలను ఎక్కాల్లాగా బట్టీ పట్టి, పరీక్ష రాసిన సాయంత్రమే మరచిపోయేవాణ్ని.

రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో ఒకరోజు మా లెక్చరర్ ఎవరి ఊరి నీళ్లు వారు సీసాలో తెచ్చుకోమన్నారు. మాది మర్రిగూడ వైపు పల్లె కాబట్టి మా వీధి బోరు నీళ్లు పట్టుకెళ్లాను. నా పక్కన నిలబడిన మిత్రుడిది మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. జిర్కోనియం, అలిజరిన్ కలిపి తయారుచేసిన ఎర్రని ద్రావణంలో అతని నీళ్లు పోసినప్పుడు రంగులో పెద్ద మార్పు రాలేదు. నా నీళ్లు పోయగానే ఎరుపు వెలిసిపోయి పసుపు తేలింది. నీటిలోని ఫ్లోరైడు ఆ రంగు నుంచి జిర్కోనియాన్ని తన వైపు లాగేసుకుంటుందనీ, ఫ్లోరైడు ఎంత ఎక్కువ ఉంటే ఎరుపు అంతగా వెలుస్తుందనీ సార్ చెబుతూ ఉంటే, నేను మాత్రం నా పళ్ల మీది గోధుమరంగు చారలనూ, నలభై ఏళ్లకే నడుము వంగి గడప పట్టుకుని లేచే మా నాయనమ్మనూ తలచుకుంటున్నాను. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే ఆ రోగాన్ని మా ఊళ్లో ఎవరూ రోగం అనుకోలేదు, "మా నీళ్లంతే" అనేవారు.

ఆ రాత్రి హాస్టల్‌లో, పరీక్షల్లేని రోజున, మొదటిసారి కెమిస్ట్రీ పుస్తకం తెరిచాను. మా నేల కింద ఉన్న గ్రానైటు రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలు ఉంటాయి. వాటిలోని ఫ్లోరైడు నీటిలో ఎంత మేరకు కరిగి నిలుస్తుందన్నది ఆ నీటిలో కాల్షియం ఎంత ఉందన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడు దానితో కలిసి, సులభంగా కరగని కాల్షియం ఫ్లోరైడుగా విడిపోతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో అది అలాగే ఉండిపోతుంది. ఇంటర్‌లో నేను తిట్టుకుంటూ బట్టీ పట్టిన "ద్రావణీయత లబ్ధం" అనే పాఠం మా బోరులో ఇన్నాళ్లూ నడుస్తూనే ఉందని అప్పుడు తెలిసింది.

అది కొద్దిరోజుల మోజో, నిలిచే ఇష్టమో ఎలా గుర్తించాలి?

ఈ ప్రశ్న అడిగేవారికి నేను ఒకే పరీక్ష చెబుతాను. మీకు నచ్చిన అంశం పక్కనే ఉన్న నచ్చని అధ్యాయాన్ని చదవండి. ఫ్లోరైడు దగ్గర మొదలైన నా ఆసక్తి అక్కడే ఆగి ఉంటే అది మా ఊరి మీది మమకారమే తప్ప రసాయన శాస్త్రం మీది ఇష్టం అయ్యేది కాదు. ఫ్లోరిన్‌ను వేరుచేయడానికి ఎందరో ప్రయత్నించి గాయపడ్డారనీ, చివరికి 1886లో ఆన్రీ మోయిసాన్ దాన్ని వేరుచేయగలిగి 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడనీ చదువుతున్నప్పుడు ఉత్సాహంగానే ఉండింది, అందులో విశేషమేమీ లేదు. అదే ఉత్సాహంతో కాకపోయినా, కనీసం ఓపికతో, ఒకే టైట్రేషన్‌ను మూడుసార్లు చేసి మూడు రీడింగులూ కలిసేదాకా నిలబడగలిగానా అన్నదే నాకు అసలు లెక్క. నిలబడగలిగాను. ఆర్నెల్ల ముందు అయితే మొదటి రీడింగును అటూ ఇటూ మార్చి మూడుసార్లు రాసేసేవాణ్ని (ఇది మా పిల్లలు చదవకపోతే బాగుండు).

సబ్జెక్టు అంత నచ్చితే పరిశోధన వైపు వెళ్లవచ్చు కదా, బోధనే ఎందుకు?

వెళ్లవచ్చు. నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి కాబట్టి పీజీ కోసం హైదరాబాద్ దాకా పోవలసిన అవసరం కూడా ఇప్పుడు మునుపటంత లేదు. కొత్త విషయం కనుక్కోవాలన్న తపన ఉన్నవారు ఆ దారిలోనే పోవాలి. నా సంగతి వేరుగా తేలింది.

ఆ ఏడాది సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా అమ్మ పెద్ద డేగిసాలో నీళ్లు మరగబెడుతోంది. మరగబెడితే నీళ్లలోని చెడు పోతుందని ఎవరో చెప్పారట. క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదనీ, పైగా నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలిన నీళ్లలో అది చిక్కబడుతుందనీ నాకు తెలుసు. దాన్ని అయాన్లు, గాఢత, బాష్పీభవనం అనే మాటలతో పావుగంట చెప్పాను. అమ్మ మర్యాదగా విని, పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది. మాట మార్చి మళ్లీ మొదలుపెట్టాను, అదీ పారలేదు. మూడోసారికి ఆమే నన్ను ఆపి, "అంటే చారు మరిగినకొద్దీ ఉప్పు ఎక్కువైతది గదా, గట్లనేనా?" అని అడిగింది. అట్లనే. అంతకంటే మంచి ఉదాహరణ నాకు ఇప్పటికీ దొరకలేదు, తొమ్మిదో తరగతికి గాఢత పాఠం ప్రతి ఏడాదీ ఆ చారుతోనే మొదలవుతుంది.

నాకు తెలిసిన విషయం ఇంకొకరి నోట, వారి మాటల్లో, నాకంటే స్పష్టంగా బయటికి రావడం చూసిన ఆ క్షణంలో కలిగిన సంతోషం ప్రయోగశాలలో రంగు మారినప్పుడు కలిగినదానికంటే పెద్దది. సబ్జెక్టు మీద ఇష్టం ఉన్నవారందరూ టీచర్లు కానక్కర్లేదు. మీరు కొత్తగా ఒక సంగతి తెలుసుకున్నప్పుడు మీ మనసు తర్వాతి సంగతి వైపు పరుగెడుతుందా, లేక దీన్ని ఎవరికి చెబుదామా అని చుట్టూ చూస్తుందా అన్నది గమనించండి. రెండో రకం వారికి బడి సరిపోతుంది.

సబ్జెక్టు బాగా వస్తే చెప్పడం కూడా దానంతటదే వస్తుందా?

రాదు. ఈ విషయంలో నేను పొందిన అవమానం చెప్పుకోదగినదే. బీఈడీ అయ్యాక ఒక పాఠశాలలో విద్యా వాలంటీరుగా చేరిన మొదటి వారంలో, నాకు అత్యంత ప్రియమైన ఫ్లోరైడు పాఠాన్నే ఎత్తుకుని, బోర్డు నిండా సమీకరణాలు రాసి, చెమటలు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే సగం తరగతి నోట్సులో దించుకుంటోంది, మిగతా సగం కిటికీలోంచి బత్తాయి లారీని చూస్తోంది. ఇష్టం ఉన్నవారికి ఉండే ప్రత్యేకమైన జబ్బు ఇది. తమకు రుచించిన చివరి మెట్టు దగ్గరే మొదలుపెడతారు, తాము ఎక్కి వచ్చిన మొదటి మెట్టును మరచిపోతారు.

మరుసటి ఏడాది బోర్డు జోలికి పోకుండా రెండు బకెట్లు, పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి తెప్పించాను. నీటిలో సున్నం, పటిక తగు పాళ్లలో వేసి కొద్దిసేపు వేగంగా, తర్వాత నిదానంగా కలిపితే, పటిక నుంచి అల్యూమినియం హైడ్రాక్సైడు దూదిపింజల్లా ఏర్పడి, ఫ్లోరైడును తనకు అంటించుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని వడకట్టుకోవాలి. సున్నం నీటి క్షారతను నిలుపుతుంది, బ్లీచింగ్ పొడి క్రిములను చంపుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించిన ఈ పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు. టాంజానియా, ఇథియోపియా వంటి దేశాల్లోనూ దీన్ని వాడారని చెప్పినప్పుడు, మన జిల్లా పేరు ఆఫ్రికాలో తెలుసా అని ఒక పిల్లవాడు కుర్చీ వేసుకుని కూర్చున్నంత గర్వంగా అడిగాడు. దీని లోపాలు కూడా చెప్పాలి. పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది, హెచ్చుతగ్గులైతే నీటిలో అల్యూమినియం మిగిలిపోవచ్చు, అడుగున చేరే బురదను ఎక్కడ పారవేయాలన్నది మరో సమస్య. ఆ బురదను ఏం చేయాలన్న ప్రశ్న మీదే ఆ రోజు గంట కొట్టేదాకా వాదన నడిచింది. సమీకరణం రాయమని వాళ్లే అడిగారు. అప్పుడు రాశాను.

ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కదా, ఆ పాఠం పాతబడలేదా?

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన ఆ పథకంతో శుద్ధిచేసిన నదీజలాలు మా వైపు ఇళ్లకు చేరాయి. నేడు నా తరగతిలో చారల పళ్లు చాలా తక్కువగా కనిపిస్తాయి. అందుకు సంతోషించని టీచరు ఉండడు. అయితే నేల కింది రాయి మారలేదు, పొలం దగ్గర దాహమేస్తే బోరు నీళ్లే తాగుతారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా అనుమతించవచ్చనీ భారత ప్రమాణం చెబుతుంది. ఆ అంకెను తన ఊరి బోరుతో పోల్చి చూసుకోగల పిల్ల ఉన్నంతకాలం పాఠం పనికొస్తూనే ఉంటుంది.

కెమిస్ట్రీ అంటే ఇష్టమున్నవారు ఫిజిక్స్ కూడా చెప్పవలసి వస్తే?

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఈ రెండింటినీ ఒకే ఉపాధ్యాయుడు చెప్పాలి కాబట్టి తప్పదు. ఫిజిక్స్ అంటే నాకున్న భయం పానగల్లులో పోయింది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో స్తంభపు నీడ వంటి నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. దాన్ని మహిమగా చూసి దండం పెట్టుకుని వచ్చినవాణ్నే నేనూ. టీచరునయ్యాక పిల్లలతో వెళితే ఒకమ్మాయి, "పొద్దు జరుగుతుంటే నీడ ఎందుకు జరుగుతలేదు సారూ?" అని అడిగింది. నేరుగా పడే ఎండ వల్ల ఏర్పడిన నీడ అయితే పొద్దుతో పాటు జరిగి తీరాలి. జరగడం లేదంటే, ఆకాశమంతటి నుంచి చెదిరి మండపంలోకి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డగించడం వల్ల ఏర్పడుతున్న నీడ అనుకోవాలి. బడికి వచ్చాక అట్టపెట్టెకు కిటికీలు కోసి, పెన్సిళ్లను స్తంభాలుగా నిలబెట్టి, ఎండ తగలని వరండాలో పెట్టి చూశాము. మూడు రోజులు పట్టింది సరిగ్గా కుదరడానికి. గుడిలో దండం పెట్టుకోవడం ఎవరూ మానలేదు, నేనూ మానలేదు.

డిగ్రీలో మార్కులు తక్కువ వచ్చాయి. టీచరు కావచ్చా?

ఎడ్‌సెట్ ద్వారా బీఈడీలో చేరడానికి డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలవారికి 40 శాతం మార్కులు కావాలి. అది దాటితే బీఈడీలో చేరవచ్చు. నా మొదటి సంవత్సరం కెమిస్ట్రీ మార్కులు మా పిల్లలకు చూపిస్తే నవ్వుతారు.

ఉపాధ్యాయుడు కావడానికి దారి ఏది?

ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటు, అంటే సబ్జెక్టు టీచరు, కావాలనుకునేవారి సంగతి చెబుతాను. డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ చేయాలి. దాని ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో 150 మార్కులుంటాయి. తర్వాత టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పేవారికి మొదటి పేపరు, ఆరు నుంచి ఎనిమిదికి రెండో పేపరు. ఇదీ 150 మార్కులకే. జనరల్ అభ్యర్థులకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే అర్హత లభిస్తుంది, అది ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. టెట్‌లో ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం వృథా కాదు, ఎందుకంటే ప్రభుత్వ టీచర్ల నియామకమైన డీఎస్సీ ఎంపికలోని 100 మార్కుల్లో 20 టెట్ నుంచే వస్తాయి.

మిగతా 80 మార్కులు డీఎస్సీ రాత పరీక్షవి. 2024 పరీక్షలో ప్రశ్నకు అర మార్కు చొప్పున 160 ప్రశ్నలు ఇచ్చారు. స్కూల్ అసిస్టెంటు పోస్టులకు అందులో సబ్జెక్టు విషయానికి 44 మార్కులు, బోధనా పద్ధతులకు 16, విద్యా దృక్పథాలకు 10, జనరల్ నాలెడ్జికి 10 కేటాయించారు. అంటే సగానికి పైగా మార్కులు మీరు ఇష్టపడిన సబ్జెక్టులోనే ఉన్నాయి. జనరల్ నాలెడ్జి పుస్తకాలు గుట్టలుగా కొని, సబ్జెక్టును "మనకు వచ్చిందే కదా" అని వదిలేసేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది.

జూనియర్ కళాశాలలో చెప్పాలనుకుంటే బీఈడీతో పని లేదు, ఆ సబ్జెక్టులో పీజీ కావాలి. గురుకులాలకు నియామకాలు వేరుగా జరుగుతాయి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మన సర్వేల్‌లో మొదలైన గురుకులాన్ని వీలైతే ఒకసారి చూసి రండి. పిల్లలతో పగలూ రాత్రీ ఉండే ఉద్యోగం మీ స్వభావానికి సరిపోతుందో లేదో అక్కడ తెలుస్తుంది.

డిగ్రీలో చదివింది ఒకటి, ఇప్పుడు నచ్చింది మరొకటి. ఏం చేయాలి?

ఇక్కడ జాగ్రత్త అవసరం. డిగ్రీలో చదివిన సబ్జెక్టులూ, బీఈడీలో తీసుకున్న మెథడాలజీ (బోధించడానికి ఎంచుకున్న సబ్జెక్టు) రెండూ పోస్టుకు సరిపడితేనే అర్హత వస్తుంది. బీఈడీలో చేరేటప్పుడు సీటు దొరికిన మెథడాలజీ తీసేసుకుని, నోటిఫికేషన్ వచ్చాక తలపట్టుకున్నవారు నాకు తెలుసు. చేరకముందే గత నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టిక తెరిచి మీ మెమోను పక్కన పెట్టుకుని చూడండి. సరిపడకపోతే ఆ సబ్జెక్టులో మళ్లీ డిగ్రీయో, పీజీయో చేయడం ఒక్కటే దారి.

డీఎస్సీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అంతకాలం ఎలా నెట్టుకురావాలి?

ఈ ప్రశ్నకు తియ్యని జవాబు లేదు. 2012 తర్వాత మన దగ్గర 2017లో 8,792 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాతి నియామకాలు 2024లో, 11,062 పోస్టులతో జరిగాయి. మధ్యలో ఎన్నో ఏళ్లు గడిచిపోయాయి, వాటితో పాటు కొందరి వయోపరిమితి కూడా. 2024లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు కాబట్టి ముప్పై దాటిందని బెంగపడనక్కర్లేదు గాని, చేతిలో పని లేకుండా కేవలం నోటిఫికేషన్ కోసం కూర్చోవద్దని గట్టిగా చెబుతాను. ప్రైవేటు బడిలో జీతం తక్కువే, కానీ రోజుకు ఆరు పీరియడ్లు చెప్పిన నాలుక హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగు గదిలో తయారుకాదు. నేను వాలంటీరుగానూ, తర్వాత ఒక ప్రైవేటు బడిలోనూ చేశాను. ఆ బడిలో మూడు నెలల జీతం బాకీ పెట్టారు. ఆ మాట నేను మరచిపోలేదు, అయినా అక్కడ నేర్చుకున్నది కూడా మరచిపోలేదు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. సాఫ్ట్‌వేర్ వదిలి బడి పంతులవుతావా అంటున్నారు.

వారి భయం డబ్బు గురించి అయితే లెక్క చూపించండి. 2020 వేతన సవరణ ప్రకారం స్కూల్ అసిస్టెంటు మూలవేతనం 42,300 రూపాయల దగ్గర మొదలవుతుంది, భత్యాలు అదనం. వారి భయం పరువు గురించి అయితే లెక్కలు పనిచేయవు. మా నాయన రెండేళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. ఊళ్లో ఎవరో "మీ కొడుకు మా పిల్లకు నీళ్ల సంగతి చెప్పిండట" అన్నాక కొంచెం మెత్తబడ్డాడు. అప్పటికి నేను తెచ్చింది వాలంటీరు గౌరవ వేతనమే.

పల్లె బడిలో ఈ ఇష్టం నిలుస్తుందా?

దసరా తర్వాత పత్తి ఏరే రోజుల్లో వచ్చి చూడండి. నలభై మంది తరగతిలో ఇరవై రెండు మంది ఉంటారు. పాలమూరు వైపు పనిచేసే నా మిత్రులకు వలసలు మరో కష్టం. తల్లిదండ్రులు కూలికి పోయినప్పుడు పిల్లలు వెంట పోతారు, తిరిగి వచ్చేసరికి మూడు పాఠాలు దాటిపోతాయి. దీనికి తోడు రిజిస్టర్లు, ఆన్‌లైన్ హాజరు, ఎన్నికల విధులు. సబ్జెక్టు మీది ఇష్టం ఒక్కటే ఉన్నవారు ఈ దశలో నీరసపడతారు. నేను చేసిన ఏర్పాటు చిన్నది. పత్తి నుంచి తిరిగి వచ్చిన పిల్లల కోసం ఉదయం ప్రార్థనకు ముందు అరగంట కూర్చుంటాను. మొదటి రోజు వాళ్ల చేతుల మీది మందు మరకలను చూసి పురుగుమందుల డబ్బా మీది ఎర్ర, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాల అర్థం చెప్పాను. విషం తీవ్రత ఆ వరుసలో తగ్గుతుందని వారిలో ఎవరికీ తెలియదు.

బీఈడీలో చేరకముందు నన్ను నేను పరీక్షించుకోవడం ఎలా?

మీ వీధిలో ఎనిమిదో తొమ్మిదో చదివే ఒక్కరిని ఎంచుకోండి. బాగా చదివేవారిని వద్దు. మీకు అత్యంత ఇష్టమైన ఒక పాఠాన్ని, రోజుకు అరగంట చొప్పున, ఒక నెల చెప్పండి. డబ్బు తీసుకోవద్దు. ప్రతి రోజూ చివర ఆ పిల్లనే మీకు తిరిగి చెప్పమనండి, మధ్యలో సరిదిద్దకుండా చివరిదాకా వినండి. రెండో వారంలో మీకు ఆ పాఠం మీద విసుగు వస్తుంది, అది మామూలే. మూడో వారంలో ఆ పిల్ల చేసే తప్పు ఎక్కడి నుంచి వస్తోందో మీకు కుతూహలం కలిగితే ఎడ్‌సెట్‌కు దరఖాస్తు చేయండి.